టెక్కలిలో ఒగ్గేసిన రైలు

నాకు డయాలసిస్ మొదలైనప్పటి నుంచి మా చుట్టాలందరికీ నా వారం కంఠతా వచ్చేసింది. ఒక రోజు మిషను, ఒక రోజు గేపు, మళ్ళీ మిషను. మిషను రోజు పలాస ఆస్పత్రిలో మంచం మీద, గేపు రోజు ఇంట్లో మంచం మీద. ఇదీ వాళ్ళు నాకు రాసిపెట్టిన బతుకు. పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. పిలిచినా చివర్లో "నీకెందుకులే శ్రమ" అని తోక తగిలించేవారు. వింటుంటే ఒళ్ళు మండిపోయేది. పోయినవి కిడ్నీలు, కాళ్ళు కాదు కదా!

నేను తెలుగు టీచర్ని. కోటబొమ్మాళి వైపు బడికి సీజన్ టికెట్టు మీద ఏళ్ళ తరబడి ప్యాసింజరు బండిలో తిరిగినదాన్ని. ఆ బండిలోనే పరీక్ష పేపర్లు దిద్దాను, చిక్కుడుకాయలు వలిచాను, సీటు కోసం పోట్లాడాను. అలాంటిదాన్ని పట్టుకుని, ఇల్లు, ఆస్పత్రి తప్ప నీకింకేమీ లేదంటే ఎలా ఊరుకుంటాను?

మా వార్డులో అందరం ఉద్దానం వాళ్ళమే. కొబ్బరి తోటల వాళ్ళం, జీడి తోటల వాళ్ళం. కొబ్బరి చెట్ల కింద పుట్టి పెరిగి ఇప్పుడు బోండాం ముట్టుకోకూడని వాళ్ళం. బోండాం నీళ్ళలో ఉండే పొటాషియం మామూలు మనిషికి బలం. మా కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు కాబట్టి మాకు అదే గుండెను ఆపేసే విషం. మంచినీళ్ళు కూడా రోజుకు ఒక చిన్న సీసాడే. వార్డులోకి రాగానే తూకం ఎక్కాలి. తాగిందంతా ఒంట్లోనే నిలిచిపోతుంది కాబట్టి ఎవరు నోరు కట్టుకోలేకపోయారో నర్సుకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ తూకం ముందు హరిశ్చంద్రుడి తమ్ముడినన్నా నమ్మేవాళ్ళు లేరు. తరవాత ఎవరి మంచం మీద వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి పరుచుకుని చెయ్యి చాపాలి. దుప్పటి తెచ్చుకున్నాడంటే ఆ రోజు మిషను పెట్టించుకోవడానికే వచ్చాడని అర్థం.

ఇంకో సంగతి. మా వార్డులో ఎవరూ చనిపోరు. "మానేసినాడు" అంటారంతే. ఫలానా మంచం ఖాళీగా ఉందేమిటంటే, "ఆయన మానేసినాడు కదమ్మా" అంటారు. ఆ మాట వింటే నాకు ఎక్కడలేని కోపం వచ్చేది. బడి మానేసిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి చెవి మెలిపెట్టి తీసుకొచ్చిన చేతులివి. ఇక్కడ ఎవరి చెవి మెలిపెట్టను?

నా ఎదురు మంచం మనిషిది వజ్రపుకొత్తూరు వైపు ఊరు. నాకంటే పెద్దవాడు, కొబ్బరి రైతు. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు చుట్టరికం లేకపోతే మాత్రం ఏం, బావా అంటే బావే. నన్ను మేస్టరమ్మా అనేవాడు. కొన్నాళ్ళుగా ఆయన ఒకటే పాట.

"ఇంకెన్నాళ్ళు ఈ ఏలాడ్డం, మేస్టరమ్మా? తోటకెల్లే ఓపిక నేదు, తిండి మీద ఇది నేదు. నాను ఒగ్గీత్తాను."

ఒగ్గేయడమంటే వదిలేయడం. ఆయన నవ్వుతూనే అనేవాడు గానీ, నవ్వులో తేడా నాకు తెలియదా?

ఒకరోజు నర్సు ఫోనులో ఏదో వీడియో చూస్తోంది. ఎవడో పరాయి దేశపు కుర్రాడు, వాళ్ళ ఊళ్ళో ఉన్న రైలు స్టేషన్లన్నీ ఒకే రోజులో చుట్టేస్తానని గడియారం చూసుకుంటూ పరుగెడుతున్నాడు. వార్డంతా చూశాం.

"ఆడికి పనీ పాటా నేదు," అన్నాడు బావ.

"నాకూ నేదు. నానూ తిరుగుతాను," అన్నాను.

వార్డంతా ఘొల్లుమంది. ఆ నవ్వుతో నాకు మొండితనం వచ్చేసింది. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మొండిది ఎవరికంటే బలవంతురాలో ఎవరూ చెప్పలేదు. అక్కడికక్కడే షరతులు పెట్టేసుకున్నాను. ఇచ్ఛాపురం నుంచి ఆమదాలవలస దాకా పెద్ద లైను, నౌపడ దగ్గర విడిపోయే గుణుపురం లైనులో మన జిల్లా ఆఖరు స్టేషను పాతపట్నం దాకా చిన్న లైను. ప్యాసింజరు ఆగిన ప్రతి స్టేషనులో రెండు కాళ్ళూ కింద పెట్టాలి. స్టేషను నుంచి స్టేషనుకు రైల్లోనే వెళ్ళాలి. అంతా ఒక్క గేపు రోజులో అయిపోవాలి.

బావ చేతికున్న గొట్టాలు కదలకుండా తల మాత్రం ఇటు తిప్పాడు.

"అలగైతే నా మాటా ఇను. పాతపట్నంలో దిగి నాకు ఫోను సెయ్యి. సేత్తే నాను నోరెత్తకుండా మిషనుకొత్తాను. మద్దెలో ఒగ్గీసి ఎల్లిపోయినావనుకో, నానూ ఒగ్గీత్తాను. అప్పుడు నన్నేటీ అనకూడదు. నీకో న్యాయం, నాకో న్యాయమా?"

ఆ మాటకు నర్సు కూడా ఫోను ఆపేసింది. నేను సరేనన్నాను. అనకుండా ఎలా ఉంటాను? అంతమంది ముందు!

మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే ఒప్పుకోవడమని నేను తీసుకున్నాను. కాశీబుగ్గలో జీడిపప్పు ఏరే పనిచేసే మా ఆడపడుచు మాత్రం తోడొస్తానని కూర్చుంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఉంటుందన్నాను.

"పిల్లికి ఫోన్లు సెయ్యడం రాదు కదొదినా. నాకొచ్చు," అంది.

ఆ ఫోన్లే నా కొంప ముంచుతాయని అప్పుడు తెలియలేదు.

ఇచ్ఛాపురంలో మొదలుపెట్టాం. దాహం తెలియకుండా బుగ్గన లవంగం, సంచిలో చిన్న సీసా నీళ్ళు, ఎక్కడైనా నడుం వాల్చాల్సి వస్తే పరుచుకోవడానికి ఆడపడుచు తెచ్చిన గళ్ళ దుప్పటి. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. "ఏటొదినా ఈ ఎండ," అని తను మొదలుపెట్టబోతే, రావివలసలో ఎండల మల్లన్న నెత్తిన కప్పు లేకుండా ఎండలోనే కూర్చున్నాడు, ఆయన కంటే గొప్పవాళ్ళమా, ఎక్కమన్నాను.

ఝాడుపూడిలో దిగాను, ఎక్కాను. సోంపేటలో దిగాను, ఎక్కాను. చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫారం బాగా కిందికి ఉంటుంది. దిగడం సులువే, ఎక్కడానికి కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి ఈడ్చుకోవాలి. ఎక్కిన ప్రతిసారీ మా ఆడపడుచు "సాలొదినా, ఎల్లిపోదుం" అనేది. నాకు మాత్రం పూనకం వచ్చినట్టుంది. చెప్పొద్దూ, అంత సంతోషం నాకు ఆ రోగం వచ్చాక అదే మొదటిసారి.

బారువ వచ్చింది. కాలు కింద పెట్టి చూద్దును కదా, ఎదురుగా మా పిన్ని! పక్కన బోండాల గెల, చేతిలో కత్తి, వెనకాల ఇంటిల్లిపాదీ.

"మీ ఆడపడుసు ఫోను సేసింది," అంది పిన్ని. "మా ఊరి మీంచి పోతా ఆగకుండా పోతావేటే?"

నేను వెనక్కి తిరిగి చూశాను. మా ఆడపడుచు ఆకాశం చూస్తోంది. మా ఉద్దానంలో ఇదొక జబ్బు. చుట్టాలు ఊరి మీదుగా వెళ్తున్నారని తెలిస్తే బోండాం కొట్టి చేతిలో పెట్టకుండా పంపరు. పంపితే ఇంటికి పరువు తక్కువ, తాగకపోతే చుట్టరికానికే తక్కువ. నేను వద్దు వద్దంటుండగానే పిన్ని చెక్కేసింది.

"ఒక్క గుక్క తాగమ్మా. ఎండన పడి ఒచ్చినావు."

"నేను తాగకూడదు పిన్నీ."

"నా సేతి బోండాం ఒద్దంటావేటి?"

నా మిషను సంగతి తెలుసు గానీ, ఈ సంగతి పిన్నికి తెలియదు, మరి చెప్పాలి కదా. రెండు ముక్కల్లో చెప్పాను, ఇది నాకు విషమని. పిన్ని కత్తి కింద పడేసి నెత్తి కొట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. "ఓలమ్మో, మా సేత్తో నాటిన సెట్టు నీకు ఇసమైపోనాదేటే! నానేటి సేత్తునే!" అని నన్ను వాటేసుకుంది. ఏడుస్తున్న మనిషిని తోసేసి రైలెక్కగలనా? వీపు నిమురుతూ ఊరుకోబెడుతున్నాను. ఈలోపు బండి కూత వేసింది. విడిపించుకుని పరుగెత్తబోతే మా ఆడపడుచు కంగారులో నా ఎడమ చెయ్యి పట్టుకుని లాగింది. సూదులు గుచ్చడానికి నరం కలిపి కుట్టిన చెయ్యి అది. "ఆ చెయ్యి కాదే!" అని అరిచాను. తను గబుక్కున వదిలేసింది. ఈ గొడవలో ఆఖరి పెట్టె మా ముందు నుంచే వెళ్ళిపోయింది.

అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాయను. పిల్లలకు పద్యాలు చెప్పిన నోరది. పిన్ని ఏడుపు ఆపేసి నోరు తెరుచుకుని వింది. మా ఆడపడుచు వేపచెట్టు నీడలో దుప్పటి పరిచింది. తరవాతి ప్యాసింజరు ఎప్పటికో గానీ రాదు. ఎర్రమట్టిలో కూర్చుని, గుటక కంటే తక్కువ నీళ్ళు నోట్లో పోసుకుని, మింగకుండా చాలాసేపు ఉంచుకున్నాను.

"ఒగ్గేద్దుం ఒదినా. ఇంక అవదు," అంది ఆడపడుచు.

అవదని నాకూ అనిపించింది. కానీ ఇక్కడ వదిలేస్తే నేను బోండానికి ఓడిపోయినట్టు. రోగానికి ఓడిపోయినా అర్థముంది, బోండానికా! రేపు బావ ముఖం ఎలా చూడను? తరవాతి బండి వచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు. బండి వచ్చాక మాత్రం అందరికంటే ముందు నేనే ఎక్కాను.

మందస రోడ్డు, సుమ్మాదేవి, పలాస. పలాసలో కాలు కింద పెట్టినప్పుడు మా ఆడపడుచు నా కొంగు పట్టుకుంది. ఇక్కడ దిగిపోతే ఇల్లు దగ్గర, ఆస్పత్రి దగ్గర. నేను కొంగు లాక్కుని ఎక్కేశాను. నౌపడ దగ్గర ఉప్పుమడులు ఎండకు తెల్లగా మెరుస్తుంటే నాకు నవ్వొచ్చింది. నౌపడ ఉప్పు నాకు పనికిరాదు. భావనపాడు ఎండుచేప పనికిరాదు. పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరి, మందస పనస, అన్నీ నిషేధమే. మా జిల్లాలో పండేదీ, ఎండేదీ ఒక్కటి లేదు నేను తినడానికి. ఏ డాక్టరూ వద్దనకుండా నాకు మిగిలింది ఈ రైలొక్కటే. దీన్ని కూడా వదిలేసుకోవాలా? నా వల్ల కాదు, పొమ్మన్నాను.

ఆమదాలవలస చేరేసరికి పొద్దు వాలుతోంది. నేను పాఠాలు చెప్పిన ఊరితో సహా దారిలో స్టేషన్లన్నీ దిగి ఎక్కాను. పెద్ద లైను అయిపోయింది! మా ఆడపడుచు కూడా తనను తాను మరిచిపోయి చప్పట్లు కొట్టింది. ఎదురు బండిలో వెనక్కి నౌపడ వచ్చి గుణుపురం బండి పట్టుకున్నాం. బారువలో బండి తప్పకపోతే మధ్యాహ్నమే ఎక్కాల్సింది. ఇప్పుడు దొరికింది ఆ రోజుకు ఆఖరుది. అది కూడా గూడ్సుకు దారివ్వడానికి సిగ్నలు దగ్గర నిలబడి, నిలబడి, దీపాలు పెట్టే వేళకు టెక్కలి చేరింది.

టెక్కలిలో దిగబోతే చెప్పు ఊడిపోయింది. వంగి చూస్తే పాదాలు పొంగి, పట్టీ వేసిన చోట గాడి పడి ఉంది. ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వేసేసరికి ఊపిరి పైపైనే ఆగిపోతోంది. ఇది నాకు తెలిసిన సంగతే. నీరు నిండుతోంది. రేపు తెల్లవారగానే మొదటి షిఫ్టులో నా వంతు. ఆ వేళకు పలాసలో లేకపోతే వంతు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ వంతు వచ్చేదాకా ఈ నీరు ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అంతదాకా నేను నిలవను.

బండి అక్కడ కాసేపు ఆగుతుందన్నారు. తోటి ప్రయాణికుణ్ణి అడిగాను, పాతపట్నంలో దిగితే తిరుగు దారేమిటని.

"ఈ బండి ఎల్లేసరికి బస్సులుండవమ్మా. తిరుగు రైలు రేపే," అన్నాడు.

అదీ సంగతి. వెళ్తే గెలుస్తాను. ఈ రైలు పాతపట్నం వెళ్తుంది, ఈ రోజే వెళ్తుంది, నా షరతులన్నీ నెగ్గుతాయి. కాకపోతే పొద్దున్న మిషనుకు ఉండను.

పొద్దుటి నుంచి ప్రతి స్టేషనులో వెళ్ళిపోదామన్న మా ఆడపడుచు, అప్పుడు నా ముందుకొచ్చి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"పోదుం ఒదినా. ఇంత దూరం ఒచ్చి... ఆ బావ నిజంగానే ఒగ్గీత్తాడు. పాతపట్నంలో కారేదైనా సూద్దుం. నీ కాళ్ళు నాను ఒళ్ళో ఎట్టుకుంటాను, పద."

కారు దొరుకుతుందో లేదో. దొరికినా దారి మధ్యలో ఊపిరి అందకపోతే ఆక్సిజను ఎవరిస్తారు? అవన్నీ ఆలోచిస్తూనే రైలు మెట్టు మీద ఒక కాలు పెట్టాను. నా కోపమంతా పైకి లాగుతోంది. ఓడిపోయిందని నవ్వుతారు. ఆరంభశూరత్వమంటారు. మా చుట్టాలు "మేం చెప్పలా" అంటారు. అదంతా నేను భరిస్తాను, నాకు నోరుంది. కానీ బావ? నేనిక్కడ ఆగిపోతే ఆయన మంచం ఖాళీ. ఒక మనిషి ప్రాణం నా కాలి కింద పెట్టి ఆడుకున్నానా అనిపించి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఊపిరి ఇంకా అందలేదు.

ఊపిరి కోసం ఆ కడ్డీ పట్టుకుని వేలాడుతున్నప్పుడే నా బుద్ధికి తట్టింది. ఎందుకు తిరుగుతున్నాను నేను? మిషను పెట్టించుకుని బతుకుతున్న మనిషి కూడా తిరగగలదని చూపించడానికి. ఆ మిషనే ఎగ్గొట్టి పాతపట్నం చేరితే నేను చూపించేదేమిటి? శవం కూడా రైలెక్కగలదని. అందుకు నేనెందుకు?

కాలు కిందికి దించాను.

"బస్సు ఎక్కుదాం పద. పలాసకి," అన్నాను.

గార్డు పచ్చదీపం ఊపాడు. బండి పాతపట్నం వైపు కదిలింది. తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ళు నన్ను జాలిగా చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. ఆఖరి పెట్టె మలుపు తిరిగేదాకా చూసి, ఊడిన చెప్పు సంచిలో వేసుకుని, వట్టి కాలితో స్టేషను బయటికి నడిచాను. బావకు ఫోను చేయలేదు. చేసి ఏం చెప్పను? ఆ మాట ముఖం మీద చెప్పాలి.

తెల్లవారి వార్డులో తూకం ఎక్కాను. నర్సు ముల్లు చూసి, నా పాదాలు చూసి, మంచం చూపించింది. మా ఆడపడుచు దాని మీద నా దుప్పటి పరిచి, నిన్నటి సంచితోనే పక్కన కూర్చుంది. మిషను మొదలయ్యాక ఎదురుగా చూశాను. బావ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి లేని ఆ నీలం పరుపు చూస్తూ ఎంతసేపు పడుకున్నానో తెలియదు. నా నెత్తురు గొట్టాల్లో తిరుగుతోంది, నా మనసు మాత్రం టెక్కలి ప్లాట్‌ఫారం మీదే ఉంది.

షిఫ్టు మొదలై చాలాసేపయ్యాక తలుపు దగ్గర నిలబడ్డాడు బావ. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. వట్టి చేతులతో వచ్చాడు. వార్డంతా అటే చూస్తోంది.

"రేత్రంతా ఫోను ఒళ్ళో ఎట్టుకు కూకున్నాను," అన్నాడు. "ఏదీ? ఫోను రానేదు."

"రాదు. టెక్కలిలో ఒగ్గీసినాను."

ఆయన నవ్వాడు. గెలిచినవాడి నవ్వు కాదు, దారి దొరికినవాడి నవ్వు. నాకు అదే భయం వేసింది.

"మరింకేటి? నాను సెప్పినాను కదా. నువ్వు ఒగ్గీసినావు, నానూ ఒగ్గీసినాను. నీకో న్యాయం, నాకో న్యాయమా? ఆ మాట సెప్పి పోదామనే ఒచ్చినాను."

లేవడానికి లేదు, చేతినిండా గొట్టాలు. లేకపోతే నిజంగానే చెవి మెలిపెట్టేదాన్ని.

"న్యాయమే బావా," అన్నాను. "నాకేదో నీకూ అదే. నాను రైలు ఒగ్గీసింది ఈ మంచానికి రావడానికి. రాత్రి గెలిస్తే ఈ పొద్దు ఇక్కడుండను కాబట్టి ఒగ్గీసినాను. మరి నువ్వు ఈ మంచం ఒగ్గీసి ఎక్కడికెల్తావు? ఆ ఊరేదో సెప్పు. అక్కడికి రైలుంటే నానే ఎక్కిత్తాను."

ఎవరూ నవ్వలేదు. బావ నా పాదాల వైపు చూశాడు. ఇంకా పొంగే ఉన్నాయి, ఒకదానికి బారువ ఎర్రమట్టి కూడా పూర్తిగా పోలేదు. తరవాత ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ తూకం వైపు నడిచాడు.

"దుప్పటి తేనేదు నాను," అన్నాడు, ఎవరికీ కాకుండా.

మా ఆడపడుచు లేచి, సంచిలోంచి గళ్ళ దుప్పటి తీసి, గుమ్మం బయటికి వెళ్ళి మట్టి దులిపి, తెచ్చి ఆయన మంచం మీద పరిచింది.